యంత్రము గెలిచినంత మాత్రాన ఆట మానవలెనా?



చదరంగము నేర్చుకొనే పిల్లలు తలిదండ్రులను తరచు అడిగే ప్రశ్న ఇది: "ఫోనులోని ఆట ప్రపంచ విజేతనే ఓడిస్తుందట గదా, ఇక మేము నేర్చుకొని ఏమి లాభము?" ఈ నెల దీనిని గూర్చి ఆలోచింతము.

చదరంగము ఆడే కంప్యూటరు ప్రోగ్రామును ఇంజను అంటారు. 1996లో ఫిలడెల్ఫియాలో ప్రపంచ విజేత కాస్పరోవ్ 'డీప్ బ్లూ' అనే యంత్రమును 4–2 తేడాతో ఓడించారు. మరుసటి సంవత్సరమే న్యూయార్కులో ఆ యంత్రము 3½–2½ తేడాతో గెలిచింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. 2006లో బాన్ నగరములో 'డీప్ ఫ్రిట్జ్' క్రామ్నిక్‌ను 4–2తో ఓడించింది. అందులో ఒక ఆటలో, మరొక్క ఎత్తులో తన ఆట కట్టు కానున్నదని అంతటి విజేత గమనించలేదు. మనిషికి అలసట, ఏమరుపాటు ఉన్నవి. యంత్రమునకు అవి లేవు. 2016లో 'కొమోడో' ప్రతి ఆటలోను ఏదో ఒక వెసులుబాటు ఇచ్చి కూడ నకమురాపై 2½–1½తో గెలిచింది.

మరి తేడా ఎంత? ఆటగాళ్ల బలమును రేటింగు అనే అంకెతో కొలుస్తారు. 200 పాయింట్లు ఎక్కువ ఉన్నవారు నూరు ఆటలలో సుమారు 76 పాయింట్లు పొందగలరని లెక్క. మనుషులలో అత్యధిక రేటింగు 2882. దానిని 2014లో కార్ల్‌సన్ అందుకొన్నారు. 'స్టాక్‌ఫిష్' వంటి ఇంజన్లకు 3500 పైగా చూపుతారు. అయితే ఇంజన్ల అంకెలు అవి ఒకదానితో ఒకటి ఆడగా వచ్చినవి. మన ఊరి కుంచముతో కొలిచిన ధాన్యమును పొరుగూరి కుంచముతో కొలిచిన దానితో సరిపోల్చినట్లే, ఈ రెండు అంకెల తేడాను యథాతథముగా తీసుకొనరాదు. యంత్రము మిన్న అన్నది మాత్రము నిజము.

అయినను మనుషుల ఆట ఆగిపోలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, మరల 2024లోను ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతగా నిలిచారు. చెన్నైలోని తెలుగు కుటుంబమునకు చెందిన గుకేశ్ 2024 డిసెంబరులో, 18 ఏళ్ల వయస్సులో ప్రపంచ విజేత అయ్యారు. ఆయన శిక్షకుడు చిన్నతనములో ఆయనను చాలాకాలము ఇంజన్లకు దూరముగా ఉంచారు. తన బుర్రతో తాను ఆలోచించుట ముందు అలవాటు కావలెనని దాని భావము.

తలిదండ్రులారా, ఇందులో మనకు పనికివచ్చే సంగతి ఉన్నది. లెక్కల పుస్తకము చివర జవాబులుంటాయి. లెక్క చేసి సరిచూచుకొనే బిడ్డకు అవి మేలు చేస్తాయి. ముందే చూచి వ్రాసుకొనే బిడ్డకు లెక్క రాదు. ఇంజను కూడ అంతే. బిడ్డ ముందు తనంతట తాను ఆడనివ్వండి. ఎక్కడ పొరబడినాడో తానే వెదకి కాగితముపై వ్రాయనివ్వండి. ఆ తరువాతనే యంత్రమును అడగనివ్వండి. సైకిలు మనకంటె వేగముగా పోతుందని పిల్లలకు పరుగు పందెములు మాన్పించలేదు గదా!