అవ్వలను, తాతలను అడుగుదాం

ముసలితనంలో సుఖమంటే ఏమిటి అంటే మనం పింఛను, మూడు పూటల బువ్వ, నిజామాబాద్ పెద్దాస్పత్రి మందులు అంటాం. అవి కావాల్సిందే, కాదనను. కానీ తండాలో పెద్దలు కోరేది ఇంకొకటుంది: తమను నలుగురు వచ్చి అడగాలె.

పెండ్లి కుదరాలన్నా, తగాదా తెగాలన్నా నాయక్‌తో పాటు పెద్దమనుషులు కూర్చోవాల్సిందే. తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమలు చల్లేది పెండ్లికాని ఆడపిల్లలు. తొమ్మిది రోజుల పాటలు నేర్పేది మాత్రం అవ్వలు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ పాటలు వాళ్ల నోట్లోనే ఉన్నయి.

1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డది. చెరుకు నరికిన తాతలు ఇప్పుడు అరుగు మీద కూర్చున్నరు. మనం సెలవులకు పోయి టీవీ చూస్తం! ఏ నేలకు ఎన్ని తడులు, గడ ఎప్పుడు కొట్టాలె అని ఒక్కరం అడగం. అన్నం పెట్టి మూలకు కూర్చోబెడితే అది మర్యాద ఎట్లయితది?

వార్డెన్ సార్లకు మనవి. తల్లిదండ్రుల మీటింగుకు తాతలను, అవ్వలను కూడా పిలవండి. ఒక గంట మైకు వాళ్లకియ్యండి. వాళ్లు చెప్పింది మేము తెలుగు అక్షరాల్లో రాసి వచ్చే నెల ఈ గోడ మీదనే పెడతం.