బిడ్డ చెరిసగం, ఖర్చో?

విడిపోయిన దంపతులు బిడ్డను వారానికి చెరి కొన్ని రోజులు పంచుకోగలరు. మరి స్కూలు ఫీజు? దానికి మన చట్టాల్లో లెక్కల పట్టిక లేదు. హిందువులకైతే 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం బాధ్యతను ఇద్దరి మీదా మోపింది. 2000లో ఒక కేసులో సుప్రీంకోర్టు సంపాదనలు చూసి తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు వేసింది. జాయింట్ కస్టడీకి చట్టంలో చోటివ్వాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫారసు చేసినా అది చట్టం కాలేదు. దాంతో జడ్జీలు రోజులకన్నా జీతాలనే ఎక్కువ లెక్కపెడతారు. చిక్కంతా అక్కడే. కోర్టు మెట్లెక్కగానే జీతాలు విచిత్రంగా చిక్కిపోతాయి. అందుకే ఆదాయం, ఆస్తులు, అప్పులు ఇరుపక్షాలూ అఫిడవిట్‌లో చూపాల్సిందేనని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేసు ఎన్నేళ్లు సాగినా మనోవర్తి మాత్రం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్క.