కౌలు గడువును నేల సారమును

వానల క్రమము చెడినది. తొలకరి యాలస్యమగుటయు, కోతవేళకు తుపాను పడుటయు నిప్పుడు వింతలు కావు. ఇట్టి కాలమునకు దగిన సేద్యమును చిన్నరైతు లేల యవలంబింపరని పట్టణములలోని విజ్ఞులు ప్రశ్నించుచుందురు. రైతునకు తెలియకనే యని వారే జవాబు చెప్పుకొందురు. ఈ జవాబు సులభమైనదే గాని సరియైనది కాదు.

శ్రీవరి సంగతి చూడుడు. 2003 ఖరీఫులో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు దీనిని రైతుల పొలములలోనే పండించి చూపిరి. లేతనారును ఒంటి మొక్కలుగా దూరదూరముగ నాటి, మడిలో నీరు నిలువనీయక, తడుపుచు నారబెట్టుచు పెంచుట దీని పద్ధతి. నీరు ఆదా యగును. నిలువనీటి మడినుండి వెలువడు మీథేను వాయువును తగ్గును. అయినను దీనిని విడిచిన రైతులు తెలియక విడువలేదు. లేతనారు నాటగల కూలీలు దొరకలేదు. కాలువ క్రింద మడినుండి మడికి పారు నీటిని తన మడివరకు అదుపు చేసికొనుట యొక్క రైతువలన నగునా?

2016లో రైతు సాధికార సంస్థవారు ఆరంభించిన ప్రకృతి సేద్యమున నీ యనుభవము కొంత యక్కరకు వచ్చినట్లు తోచుచున్నది. ఉపన్యాసముకంటె పొరుగుచేను బాగుగ బోధించును. కావున స్వయముగా సాగుచేసిన రైతులను, మహిళా సంఘములను ముందు నిలిపిరి. కాని తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను కప్పియుంచుట, ఘనజీవామృతము వేయుట మొదలగు పనుల పూర్తిఫలము ఒక పంటలో చేతికి రాదు. నేలలో సేంద్రియ కర్బనము పెరుగుటకు ఏండ్లు పట్టును.

అసలు చిక్కిచ్చటనే యున్నది. గోదావరీ కృష్ణా డెల్టాలలో పెక్కుచోట్ల పట్టాదారొకడు, దున్నువాడొకడు. కౌలు తరచుగా నోటిమాట, అదియు ఏటికేడు. మరుసటియేడు ఆ చేను తన చేత నుండునో లేదో యెరుగనివాడు దానికి చెరువుమట్టి యేల తోలును? యూరియా చల్లి యీ పంటను గట్టెక్కించుకొనును. అది యజ్ఞానము కాదు, లెక్క.

2019 నాటి సాగుదారు హక్కుల చట్టము కౌలురైతునకు పత్రమిచ్చుటకు పూనుకొన్నది. దానికి పట్టాదారు సంతకము కావలెను. గడువు 11 నెలలు. భూమిపై హక్కు సంక్రమింపదని చట్టమే చెప్పినను, సంతకము చేసిన భూమి పోవునని వెనుదీసినవారు కలరు. ఊరు విడిచి యుద్యోగములలో నున్న పట్టాదారులకు ఈ భయము మరింత హెచ్చు. మన పాఠకులలో పెక్కండ్రు ఆ తరగతివారే.

వారికొక విన్నపము. ఈ వేసవిలో కౌలు మాటలాడుకొనునప్పుడు మూడేండ్లకో, అయిదేండ్లకో వ్రాతపూర్వకముగా నిండు. రైతు తోలిన మట్టికి, వేసిన గట్టునకు నయిన ఖర్చును కౌలులో తగ్గింతుమని యా కాగితముననే వ్రాయుడు.