కూలి చెల్లించాకే కుటుంబ ప్రార్థన

"వేకువనే లేచి గంటసేపు వాక్య ధ్యానం చేయండి" అని మేము బోధిస్తుంటాం. పద్మాపూర్ బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారి ఇంటికొచ్చే విశ్వాసికి ఈ మాట ఎలా పనికొస్తుంది? అతనితో మేమనేది ఇంతే: పడుకోబోయే ముందు ఒక్క కీర్తన చదవండి, చాలు. దేవుడు గడియారం చూసి ప్రార్థన వినడు.

అసలు కష్టం వేరే చోట ఉంది. కూలివాని కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించక ముందే ఇచ్చేయాలని, పరదేశి విషయంలోనూ అంతేనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. పొట్టకూటికి చంద్రపూర్ వచ్చిన తెలుగువారికి పరదేశి అంటే ఎవరో వివరించనక్కర్లేదు. అయినా మనలోనూ పని చేయించుకునేవారున్నారు. ఇంట్లో రోజూ ప్రార్థన జరుగుతుంది, డ్రైవరు జీతం మాత్రం "వచ్చే వారం చూద్దాం." బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు (5:4) రాసింది ఇలాంటి ఇళ్ల గురించే.

అందుకే కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు ఒకరినొకరు అడగండి: ఎవరి డబ్బైనా మన దగ్గర ఆగి ఉందా? ఉంటే అప్పుడే ఫోన్‌లో పంపించి, ఆ తర్వాత మోకరించండి. ప్రార్థన కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. మందిరం ఊడ్చే అక్క జీతం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాని గురించి సంఘ పెద్దలను అడగండి, మమ్మల్నీ అడగండి.