అక్షరం వెల ఎంత?

గోల్ఫ్ ఆటలో ఎంత తక్కువ దెబ్బలకు బంతి గుంటలో పడితే అంత గొప్ప. ఆ లెక్క చూసి ముచ్చటపడ్డారు కాబోలు, ప్రోగ్రాములు రాసేవాళ్లు ‘కోడ్ గోల్ఫ్’ అని ఒక వినోదం కల్పించుకున్నారు. పని అందరికీ ఒకటే ఇస్తారు. దాన్ని అందరికంటె పొట్టి ప్రోగ్రాముతో ఎవరు చేయిస్తే వారిదే గెలుపు. అక్షరానికొక దెబ్బ అన్నమాట.

తెలుగు పాఠాలు చెప్పుకునే నీకెందుకయ్యా ఈ గొడవ అని పాఠకులు అడగవచ్చు. అర్ధమాత్ర కలిసివస్తే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణులకు పేరు. పాణిని అష్టాధ్యాయిలో చిట్టచివరి సూత్రం ఎంతనుకున్నారు? ఒకే అచ్చు, రెండుసార్లు. ఆ పుస్తకం మీద గౌరవం ఉన్నవాణ్ణి గనక ఈ కుర్రవాళ్ల యావ నాకు వింతగా తోచలేదు. ఆడేవాడి కంటె ఆడించేవాడి అవస్థే వింతగా తోచింది.

సి భాషలో ఎవరికీ అర్థం కాకుండా రాసినవారికి బహుమతులిచ్చే అంతర్జాతీయ పోటీ ఒకటి 1984లో మొదలైంది. వేళాకోళపు పోటీయే గాని నిబంధనలు మాత్రం లాయర్లు రాసినట్టుంటాయి. 1994లో ఒక మహానుభావుడు, తన పాఠాన్ని తానే అచ్చువేసుకునే ప్రోగ్రాములలో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదేనంటూ ఒకటి పంపాడు. తీరా విప్పి చూస్తే అందులో ఏమీ లేదు! ఖాళీ కాగితం. దాన్ని నడిపిస్తే ఏమీ అచ్చు కాదు. ఏమీ లేకపోవడమే దాని పాఠం గనక చెప్పిన పని చేసినట్టే. న్యాయనిర్ణేతలు నవ్వుకుని, నిబంధనలను అతి ఘోరంగా దుర్వినియోగం చేసినందుకు బహుమతి ఇచ్చి, ఇకమీదట ప్రోగ్రాము కనీసం ఒక బైట్ అయినా ఉండాలని తేల్చారు. తెలివైనవాణ్ణి శిక్షించక, సన్మానించి తలుపు మూయడం నాకు నచ్చింది.

బైట్ అంటే కంప్యూటరు లెక్కలో ఒక గది అనుకోండి. 2010లో తమాషాకు మొదలై 2019 దాకా సాగిన జావాస్క్రిప్టు పోటీ ఒకటుంది. దాని షరతు 1024 బైట్లు మించరాదని. అంత ఇరుకులో బొమ్మలు ఆడించారు, ఆటలు ఇరికించారు. బైట్లు లెక్కపెట్టక అక్షరాలు లెక్కపెట్టేచోట మరో ఎత్తు వేస్తారు: రెండేసి ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్క వింత అక్షరంలో కుక్కి, నడిపేటప్పుడు విప్పుకుంటారు. అంచేత పోటీ పెట్టేవాడు ముందు తేల్చుకోవలసింది ఏమిటయ్యా అంటే, దేన్ని లెక్కపెట్టాలి అని.

మా కాలేజీలో అది తేల్చుకోలేదు. కంప్యూటరు విభాగం పిల్లలు పోటీ పెట్టి, “క మొదలు హల్లులన్నీ అచ్చువేయవలెను, తక్కువ అక్షరాలు గలవారికి బహుమతి” అని గోడకు అంటించారు. హల్లుల వ్యవహారం గదా అని నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు.

ఒక అబ్బాయి పైథాన్ భాషలో 39 అక్షరాలతో ముగించాడు. యూనికోడ్ పట్టికలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ‘క’ 3093, ‘హ’ 3129. అక్కడినుంచి ఇక్కడికి వరసగా లెక్కపెడుతూ అచ్చువేయమన్నాడు. తెరమీద హల్లులు బారులు తీరాయి. అయితే ‘న’కూ ‘ప’కూ మధ్య ఒక ఖాళీ పెట్టె!

ఆ పెట్టె కథ చెప్పుకోదగ్గదే. మన దేశపు లిపులకు ఇంచుమించు ఒకే నమూనాలో ఇళ్లు కేటాయించారు. ఆ ఇంట్లో తమిళులకు రెండో ‘న’ కాపురం ఉంది. మనకు ఆ అక్షరం లేదు, ఇల్లు ఖాళీ. తమిళుల ‘ழ’కు సరిపోయే ఇల్లు కూడా మనకు చాలాకాలం ఖాళీయే. పాత శాసనాలలో కనిపించే అక్షరం ‘ఴ’ 2014లో అందులో దిగింది.

“అన్నీ అచ్చువేయమన్నారు గాని, ఇంకేమీ వేయకూడదనలేదుగా మాస్టారూ?” అన్నాడు అబ్బాయి. 1994 నాటి మహానుభావుడి మనవడు! లేని అక్షరాన్ని హల్లుల బంతిలో కూర్చోబెట్టడానికి వీల్లేదన్నాను. ఆ ఇల్లు దాటిపోయేలా సవరించుకొచ్చాడు: 49 అక్షరాలు. ఇంకా పొట్టిగా రాయవచ్చునని తెలిసినవారు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, ఆ పూట అతనికి తట్టింది అదీ.

ఇంతలో పదో తరగతిదాకా తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి వచ్చింది. ఆమె ఎత్తులేమీ వేయలేదు. పెద్దబాలశిక్ష వరసలో క నుంచి ఱ దాకా 36 హల్లులూ రాసి, చుట్టూ అచ్చువేయమనే ఆజ్ఞ తగిలించింది. ఆజ్ఞకు 9, హల్లులకు 36, వెరసి 45. గెలిచానంది.

అబ్బాయి ఒప్పుకోలేదు. “క్ష ఒకటి కాదు, మూడు అంకెలు కలిస్తే అయింది. 47 అనండి. అయినా ప్రపంచమంతా లెక్కపెట్టేది బైట్లు. ఆమెది 123!”

అతని లెక్క తప్పు కాదు. 1992లో రూపొందిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు. మన పట్టికలోని ప్రతి గుర్తుకూ మూడు కావాలి. ‘స్త్రీ’ అనండి. ఛందస్సులో ఒక్క గురువు, యూనికోడ్‌లో ఆరు గుర్తులు, బైట్లలో పద్ధెనిమిది. ఇంగ్లీషు ముందునుంచీ ఉన్న ఇల్లు గనక దాని గోడలు కదపకుండా పైన మేడలు కట్టారు. మనం మేడమీద అద్దెకున్నవాళ్లం.

“మేం రాసిన ‘క’కు మూడింతల జరిమానా ఏ న్యాయం మాస్టారూ?” అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు గాని, గదిలో మాటలు ఆగిపోయాయి. బహుమతి నాలుగు పుస్తకాలే. అయినా ఆ ప్రశ్న పుస్తకాల కోసం అడిగింది కాదు.

గోడమీది కాగితం తెప్పించాను. ‘అక్షరాలు’ అని ఉంది. ‘బైట్లు’ అని లేదు. అక్షరమంటే ఏమిటో చెప్పడానికే గదా నాకు జీతమిస్తున్నారు. 45 కే మొదటి బహుమతి అన్నాను. అబ్బాయికి ఖాళీ పెట్టె పేరుమీద ప్రత్యేక బహుమతి ఇప్పించాను. అతను దండం పెట్టి తీసుకున్నాడు గాని, తీర్పు మాత్రం ఒప్పుకోలేదు.

వచ్చే ఏటి కాగితం అప్పుడే రాస్తున్నారు. నిషిద్ధాక్షరి పెడదామని అమ్మాయి సలహా: ప్రోగ్రాములో అంకె అన్నది కనపడకూడదట. లెక్క బైట్లలోనా, అక్షరాలలోనా అన్నచోట గీత గీసి ఖాళీ ఉంచారు. నిన్న అబ్బాయి మెట్లమీద ఆపి, “పదానికీ పదానికీ మధ్య వదిలే జాగా కూడా అక్షరమేనా మాస్టారూ?” అని అడిగాడు. ఆదివారం దాకా గడువు అడిగాను.