41 రోజులు స్వామి... 42వ నాడు అరేయ్!



ఎండలు ముదిరినయంటె మన దిక్కు ఊరూరా కాషాయం బట్టలు కనబడతయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్ల పొంటి పిల్లగాండ్లు చెప్పులు లేకుండ కొండగట్టు తొవ్వ పడతరు. చైత్ర పున్నానికి చిన్న జయంతి, వైశాఖంల పెద్ద జయంతి. ఆ నడిచేటోళ్లల్ల మన మాల, మాదిగ వాడల పిల్లలు ఎందరో. నేను బడిపంతులును. సరిగ్గ పరీక్షల కాలంల దీక్ష మాల వేసుకొని బెంచి మీద కూసున్న పిల్లలను చూస్తున్న. అందుకే ఈ నాలుగు మాటలు.

మా బడిల చదివిన ఒక పిల్లగాడు దీక్ష పట్టిండు. 41 రోజులు ఊరంతా ‘స్వామీ’ అన్నది. పెద్దిండ్లోళ్లు సుత ఎదురొచ్చి దండం పెట్టిండ్రు. గుట్టకు పోయి మాల తీసి వచ్చిండు. తెల్లారి కొబ్బరికాయ పట్టుకొని ఊర్లె హనుమాండ్ల గుడికి పోతె, “అరేయ్, ఆడనే నిలబడు. కాయ ఇటియ్యి, మేం కొడతం” అన్నరు. నిన్నటి స్వామి ఇయ్యాల అరేయ్ అయిండు. ఆ పిల్లగాడు నా దగ్గరికి వచ్చి అడిగిండు: “సార్, గుట్ట మీదా హనుమాండ్లే, ఊర్లెనూ హనుమాండ్లే. ఆడ లేని మైల ఈడ ఎట్లొచ్చింది?”

దీనికి జవాబు చెప్పాలె. ‘గుట్ట మీద కులం అడగరు’ అని మనోళ్లు మురుస్తరు. ఎందుకు అడగరు? వేల మందిల నువ్వెవలో ఎవనికెరుక? ఊర్లె మాత్రం నీ తాత పేరు సుత ఎరుక. గుంపుల కులం కనబడకపోవుడు వేరు, కులం లేకుండ పోవుడు వేరు. హుండీకి కులం లేదు. బీడీలు చుట్టిన పైసలు, మరమగ్గం మీద రాత్రి కాసిన పైసలు, దుబాయి నుంచి కొడుకు పంపిన పైసలు అన్నీ తీసుకుంటది. కులం ఉన్నది గర్భగుడి గడపకు.

కొండగట్టు కథనే చూడుండ్రి. పోయిన ఆవును ఎతుక్కుంట తిరిగిన సింగం సంజీవుడు అనే పశువుల కాపరికి దేవుడు దొరికిండని, ఆయననే చిన్న గుడి కట్టిండని ఆ గుడి స్థలపురాణమే చెప్తది. దేవుణ్ణి దొరకబట్టింది పసులు కాసిన చేయి. మరి పూజ చేసే చేయి పుట్టుకను బట్టి ఎందుకుండాలె? చదువు, శిక్షణ ఉంటే బ్రాహ్మణేతరుడు సుత పూజారి కావచ్చని 2002ల సుప్రీంకోర్టు చెప్పింది. 2017ల కేరళల ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు దళితులను పూజారులుగ పెట్టుకున్నది. మన దిక్కు ఆ ముచ్చట ఎత్తితె నోర్లెందుకు పడిపోతున్నయి?

ఇగ ఆ ఘాట్ రోడ్డు. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు దిగుతూ లోయల పడ్డది. 60 మందికి పైగ పానం పోయింది. ఎక్కువమంది ఆడోళ్లు. గుట్ట కింది పల్లెల కష్టజీవులు. ‘దేవుడెందుకు కాపాడలే’ అని నేను అడుగుత లేను. అట్ల అడుగుడు చచ్చినోళ్లను ఎక్కిరించుడే. ఒక్క బస్సుల వంద మందికి పైగ ఎందుకు ఎక్కవలసి వచ్చిందని అడుగుతున్న. 2022 డిసెంబర్‌ల జగిత్యాల సభల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ గుడికి 100 కోట్లు ప్రకటించిండు. గోపురానికి ఒక్క మాటతోని కోట్లు వస్తయి. గుట్ట కింది పల్లెకు రెండో బస్సు రావాల్నంటె ఎన్ని ముడుపులు కట్టాలె?

మా అమ్మ సుత ఆ మెట్లెక్కింది. నాకు జ్వరమొస్తే దవాఖాన లేని ఊర్లె ఆమెకు ఇంకో దిక్కు లేకుండె. ఆమెను నవ్వేటోడు నాకు దోస్తు కాదు. మొక్కు మొక్కినోళ్లది తప్పు కాదు, మొక్కు తప్ప ఇంకోటి లేకుండ చేసినోళ్లది తప్పు.

బాబాసాహెబ్ 1930 మార్చి 2న నాసిక్‌ల కాలారాం గుడి ముంగట సత్యాగ్రహం మొదలువెట్టిండు. దర్శనం కోసం కాదు, మనిషి హక్కు కోసం. ఏండ్లు గడిచినా తలుపు తెరువలే. 1935ల యేవలాల ‘హిందువుగ చావను’ అన్నడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల బుద్ధుని తొవ్వ పట్టిండు. తెరువని తలుపు ముంగట ఎంత సేపు నిలబడాల్నో, ఎప్పుడు మర్లి రావాల్నో ఆయన చూపెట్టిండు.

మన తాలూకాలకు ఇంకో యాత్ర ఎరుకే. 1978 సెప్టెంబర్ 7న వేల మంది కూలి రైతులు జగిత్యాలకు నడిచిండ్రు. జైత్రయాత్ర అన్నరు దాన్ని. వాళ్లు ఏ గుట్టా ఎక్కలే, ఏ కాయా కొట్టలే. వెట్టి వద్దన్నరు, దొర ముంగట నిటారుగ నిలబడ్డరు. నెల తిరిగిందో లేదో సర్కారు సిరిసిల్ల, జగిత్యాలను కల్లోలిత ప్రాంతాలన్నది. తీర్థయాత్రకు బస్సులు ఏస్తరు, జైత్రయాత్రకు పోలీసులను పంపుతరు. ఏ యాత్రకు భయపడతరో దీన్ని బట్టే తెలుసుకోవాలె.

గుట్టకు పోవద్దని నేను అంట లేను. పోయేటోళ్లు పోండ్రి. కని తిరిగొచ్చి 42వ నాడు ఏం చేస్తవో చెప్పు. మాల తీసిన తెల్లారే పది మంది కలిసి ఊర్లె గుడి గడప ముంగట నిలబడుండ్రి. అడ్డం వచ్చినోనికి రాజ్యాంగం 17వ అధికరణ చదివి వినిపియ్యుండ్రి. 1989 అట్రాసిటీ చట్టానికి 2015ల చేసిన సవరణ, మనల్ని గుడిలకు రాకుండ అడ్డుకునుడు నేరమని విడిగ రాసింది. కాయిదం రాసి ఠాణల ఇయ్యుండ్రి. రాయరాకపోతే నా దగ్గరికి రాండ్రి, నేను రాస్త.

దీక్ష పట్టుడు మనకు వచ్చు. 41 రోజులు కింద పండుడు, ఒక్కపూట తినుడు, మాట మీద నిలబడుడు వచ్చు. ఆ పట్టుదల సగం చదువు మీద, సగం ఊర్లె హక్కు మీద పెడితే మనల్ని అరేయ్ అనేటోడు ఎవడు?

జై భీం!