తుపాకి తూకం, గుండు గురి

1907వ సంవత్సరం. కుమావూఁ కొండలలో చంపావత్ దగ్గరి ఒక లోయలో జిమ్ కార్బెట్ ఒక ఆడపులికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అప్పటికి ఆ పులి నేపాలులో 200 మందిని, కుమావూఁలో 236 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క తేలింది. కార్బెట్ వెంట తెచ్చుకున్న తూటాలు మూడే. మూడూ ఖర్చయ్యాయి. రెండు గుండ్లు తగిలినా పులి ఇంకా నేల కూలలేదు. అతడు వెనుకకు పరుగెత్తి, తనతో వచ్చిన తహసీల్దారు చేతిలోని పాత తుపాకిని అందుకుని, పులికి 20 అడుగుల చేరువకు వచ్చి, తెరచి ఉన్న దాని నోటికి గురిపెట్టి కాల్చాడు. గుండు నోటికి తగలలేదు. కుడి ముందుకాలి పంజాలో దిగింది. అంతకుముందు తగిలిన గాయాలవల్లనే పులి ప్రాణం విడిచింది.

ఇరవై అడుగులంటే ఒక పెద్ద వసారా పొడవు. అంత దగ్గరలో, అంతటి వేటకాని చేతిలో గురి తప్పింది. గొట్టాలకూ వెనుక దిమ్మకూ నడుమ సందు కనిపించే తుపాకి అది. కాల్చేముందే కార్బెట్ ఆ సందును చూశాడు. వేరే దారి లేక కాల్చాడు. అటు తరువాత సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్, తహసీల్దారు సాహసానికి మెచ్చి బహూకరించినది ఒక తుపాకిని కావడం సముచితంగానే ఉన్నది.

చచ్చిన పులి నోరు తెరచి చూసినప్పుడు మరొక సంగతి బయటపడింది. కుడివైపు పై కోర సగానికి విరిగి ఉన్నది. కింది కోర ఎముకవరకూ లేదు. ఏనాడో ఎవరో కాల్చిన గుండు తాలూకు గాయం అది. తన సహజమైన ఆహారాన్ని చంపే శక్తి పోయి, ఆ పులి మనుషులకు మరిగిందని కార్బెట్ నిర్ణయించాడు. ఒక్క గుండు రెండు మూడు అంగుళాలు పక్కకు పోయినందుకు నాలుగువందలకు పైగా కుటుంబాలు మూల్యం చెల్లించుకున్నాయి. తుపాకి గురి అన్న మాట వినగానే వేటకాని గొప్పలు, గోడకు వేలాడే కొమ్ములు గుర్తుకు రావడం సహజం. కాని ఈ ప్రశ్నలో అసలు బరువు ఉన్నది గురి తప్పినప్పుడు గాయపడి తప్పించుకుపోయే జంతువు దగ్గర.

చంపావత్ విజయానికి కార్బెట్‌కు దక్కిన బహుమానం లండనులోని రిగ్బీ వారి 0.275 రైఫిలు. ఇది బోల్టు రైఫిలు. బోల్టు అంటే గడియ. తలుపు గడియ వలెనే ఉక్కు కడ్డీని పైకెత్తి వెనుకకు లాగితే పాత తూటా గుల్ల బయటకు వస్తుంది. ముందుకు తోసి కిందికి తిప్పితే కొత్త తూటా గొట్టంలో కూర్చుని గడియ బిగుస్తుంది. జర్మనీలో పౌల్ మౌసర్ ఈ పద్ధతిని 1898 నాటికి ఎంత చక్కగా తీర్చిదిద్దాడంటే, నేటికీ అనేక వేట రైఫిళ్లు దానికి వారసులే. కదిలే భాగాలు తక్కువ. తూటా వెనుక గడియ ప్రతిసారీ ఒకే తీరున బిగుస్తుంది. గురి నిలకడకు మొదటి కారణం ఇదే.

రాజులూ దొరలూ ముచ్చటపడిన రెండు గొట్టాల రైఫిలు కథ వేరు. రెండు గొట్టాల గుండ్లూ ఒకే చోట పడేలా వాటిని జతపరచడానికి నిపుణుడైన పనివాడు కాల్చి చూసి, సరిచేసి, మళ్లీ కాల్చి చూడాలి. అందువల్ల దాని వెల ఆకాశాన్నంటేది. పెద్ద జంతువులకై చేసినవి పది పౌన్లకు పైబడి తూగేవి. ఒక్క గొట్టం గల గడియ తుపాకికి ఈ తంటా లేదు. చవకైన తుపాకి చక్కని గురి ఇవ్వగలదన్న ఆశ అక్కడ మొదలయింది.

అయితే మౌసర్ రైఫిలు కూడా నిజానికి చవకైనది కాదు. దాని ఉక్కు దేహాన్ని పెద్ద దిమ్మనుండి అనేక యంత్రాలపై కొంచెం కొంచెంగా చెక్కేవారు. సైన్యాలు లక్షల సంఖ్యలో చేయించడంవల్ల ధర దిగింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మిగులు రైఫిళ్లు అమెరికా అంగళ్లలో కారుచవకగా అమ్ముడుపోయాయి. మన దేశంలో సైన్యం వాడే 0.303 తూటా సామాన్యులకు నిషిద్ధం. కనుక అదే లీ-ఎన్‌ఫీల్డ్ గడియ పద్ధతిపై 0.315 స్పోర్టింగ్ రైఫిలును ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసింది. లైసెన్సు గల రైతుకూ, తోట యజమానికీ అందుబాటులో ఉన్న గడియ తుపాకి చాలాకాలం అదే. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి, ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చింది.

మిగులు తుపాకులతో పోటీ పడవలసివచ్చిన అమెరికా కర్మాగారాలు ధర తగ్గించే ఉపాయాలు వెదికాయి. ఆ ఉపాయాలలో కొన్ని గురిని మెరుగుపరచడం ఈ చరిత్రలో వింత. 1948లో రెమింగ్టన్ సంస్థ తన 721, 722 రైఫిళ్ల దేహాన్ని గుండ్రటి ఉక్కునుండి చేసింది. దిమ్మను నలుమూలలా చెక్కడం కన్న గుండ్రటిదానిని లేతుపై తిప్పి చేయడం సులువు. సులువే కాక, అలా చేసినది నిటారుగా, సమంగా వస్తుంది. 1958లో వచ్చిన సావేజ్ 110 రైఫిలులో గొట్టాన్ని దేహానికి బిగించేందుకు ఒక మరచుట్టు ఏర్పాటు చేశారు. తూటా కూర్చునే చోటు లోతు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. ఇతర రైఫిళ్లలో ఇందుకు నేర్పరి కొలిచి, అరగదీసి సరిచేసేవాడు. ఇక్కడ గేజి పెట్టి, గొట్టాన్ని సరిపోయినంత తిప్పి, మరచుట్టు బిగిస్తే చాలు. కూలి ఖర్చు తగ్గింది, కొలత తప్పే అవకాశమూ తగ్గింది.

1967 నుండి 1983 వరకు అమ్ముడైన రెమింగ్టన్ 788 ఇందుకు మంచి ఉదాహరణ. చూపుకు మోటుగా ఉండేది. సాదా కొయ్య, సాదా రంగు. అదే సంస్థవారి ఖరీదైన 700 రైఫిలు పక్కన పెడితే పేద చుట్టంలా కనిపించేది. అయినా దాని దేహంలో కోతలు తక్కువ కావడంవల్ల అది బిర్రుగా ఉండేది. మీట నొక్కిన తరువాత తూటా పేలడానికి పట్టే వ్యవధి కూడా తక్కువ. గురిలో ఎన్నోసార్లు అది తన అన్నగారికి దీటుగా నిలిచి పేరు తెచ్చుకున్నది. తయారీ ఆగిపోయిన తరువాతకూడా దానిని వెదికి కొనేవారు ఉన్నారు.

ఇక బరువు. ఇక్కడ ధర తగ్గించే ఉపాయాలు అంతగా పనిచేయవు. ప్రకృతి సూత్రం అడ్డు నిలుస్తుంది. గుండు ముందుకు పోయే వేగానికి బదులుగా తుపాకి వెనుకకు తంతుంది. తూటా ఒకటే అయితే, తన్ను శక్తి తుపాకి బరువుకు విలోమంగా ఉంటుంది. నాలుగు కిలోల రైఫిలును మూడు కిలోలకు తగ్గిస్తే భుజంమీద పడే తన్ను మూడో వంతు పెరుగుతుంది. భుజం నొప్పి పెద్ద విషయం కాదు. ఆ తన్నును ఎదురుచూచి కాల్చేవాడు మీట నొక్కే క్షణంలో కన్ను మూసి, భుజం బిగించి, మీటను లాగివేయడం పెద్ద విషయం. బరువైన తుపాకికి మరొక సుగుణం కూడా ఉన్నది. ఊపిరికీ గుండె చప్పుడుకూ అది అంత తొందరగా చలించదు. తేలికపాటి తుపాకి కొన రెల్లుపువ్వులా ఊగుతుంది.

బరువు తగ్గించదలచిన కర్మాగారం ముందుగా చేయి వేసేది గొట్టంమీద. గొట్టం బిగువు దాని వ్యాసానికి నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. పదో వంతు సన్నగా చేస్తే బిగువు ఇంచుమించు మూడో వంతు పోతుంది. సన్నని గొట్టం త్వరగా వేడెక్కుతుంది. ఉక్కులో తయారీనాటి ఒత్తిడి మిగిలి ఉంటే, వేడికి వంగి గుండ్లను ఒక పక్కకు నడిపిస్తుంది. ఇంతమాత్రాన సన్నని గొట్టాన్ని దూషించడం తగదు. వేటలో లెక్కకు వచ్చేది చల్లని గొట్టంనుండి వెలువడే మొదటి గుండు. మహా అయితే రెండవది. వరుసగా ఇరవై కాల్చే పోటీ షూటరుకు బరువైన గొట్టం కావాలి కాని, కొండ ఎక్కేవానికి కాదు.

తేలికదనమూ బిగువూ రెండూ కావాలంటే ధర చెల్లించక తప్పదు. 1985లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ స్థాపించిన అల్ట్రా లైట్ ఆర్మ్స్ సంస్థ అయిదు పౌన్ల ప్రాంతంలో తూగే రైఫిళ్లు చేసి, వాటితో మంచి గురి సాధించి చూపింది. అందులో కిటుకు, గొట్టాన్నీ ఇనుప దేహాన్నీ మోసే స్టాకులో ఉన్నది. కెవ్లార్, కార్బన్ నారలను రెజిన్‌తో కలిపి చేతితో చేసిన ఆ స్టాకు చాలా తేలిక, చాలా బిర్రు. చవక రైఫిలులో సరిగ్గా ఇక్కడే లోపం దొరుకుతుంది. అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాకు ముందుభాగాన్ని చేతితో నొక్కితే చాలు, వంగి గొట్టాన్ని తాకుతుంది. తాకిన గొట్టం ఒక తీరున, తాకని గొట్టం ఒక తీరున కంపిస్తాయి. గుండు పడే చోటు మారుతుంది. అయినా ప్లాస్టిక్‌కు ఒక మంచి గుణం లేకపోలేదు. కొయ్య వలె అది వానకు ఉబ్బదు. మన వర్షాకాలాలు ఎరిగినవారికి అది చిన్న లాభం కాదు.

2012 నుండి రూగర్ సంస్థ అమ్ముతున్న అమెరికన్ అనే రైఫిలు ఈ లోపానికి చవకగానే మందు వేసింది. ప్లాస్టిక్ స్టాకులో ఉక్కు దిమ్మలు అమర్చి, వాటిమీద దేహాన్ని కూర్చోబెట్టి, గొట్టం ఎక్కడా తాకకుండా వదిలారు. బరువు ఆరు పౌన్ల చిల్లర. వచ్చిన కొత్తలో ధర అయిదువందల డాలర్ల లోపు.

ఇటువంటి తుపాకుల ప్రకటనలలో “నిమిషం కోణం” అన్న మాట తరచు వినిపిస్తుంది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక భాగం అది. వంద గజాల దూరంలో దాని వెడల్పు అంగుళంకన్న పిసరు ఎక్కువ. మూడు గుండ్లు ఒక్క అంగుళంలో పడ్డాయని కొన్నవాడు మురిసి, లక్ష్యపు కాగితాన్ని జేబులో పెట్టుకు తిరుగుతాడు. మూడు గుండ్లు చాలవు. అదే తుపాకితో అయిదేసి గుండ్లు కాల్చి చూస్తే, గుంపు వెడల్పు సగటున పావువంతుకు పైగా పెరుగుతుంది. తుపాకి చెడిపోయిందని కాదు. ఎక్కువసార్లు కాల్చినకొద్దీ దూరంగా పడే గుండు బయటపడే అవకాశం పెరుగుతుంది, అంతే. నాలుగు కాగితాలు చించి అయిదవది చూపించేవారి మాట ఇక చెప్పనక్కరలేదు.

దీనికి రెండవ వైపు కూడా చూడాలి. జింకజాతి జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల పళ్లెమంత. ఒకటిన్నర నిమిషాల గురి గల చవక రైఫిలు 200 గజాలలో మూడు అంగుళాల మేర చెదురుతుంది. తుపాకివల్ల వచ్చే లోటు అంత స్వల్పం. బల్లమీద ఇసుక సంచులు పెట్టి కాల్చిన మనిషే, రొప్పుతూ, నిలబడి, ఆసరా లేకుండా కాల్చినప్పుడు దానికి ఎన్నో రెట్లు చెదురుతాడు. మరింత ఖరీదైన రైఫిలు కొనడానికి వెచ్చించే సొమ్ములో కొంత తూటాలకు వెచ్చించి, లక్ష్యాలమీద సాధన చేయడం మేలు. దూరదర్శినితో కలిపి ఏడెనిమిది పౌన్లు తూగే మధ్యరకం తుపాకి ఆ సాధనకు ఓర్చుకోనిస్తుంది, నడకకూ భారం కాదు. మరీ తేలికపాటి దానితో సాధన చేయడానికి భుజం ఒప్పుకోదు. మరీ బరువైనది ఆ రోజున ఇంటివద్దనే ఉండిపోతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట వినోదానికి తెర దించింది. మనుషులకు ముప్పుగా మారిన జంతువు విషయంలోనూ, పంటలను పాడుచేసే కొన్ని జంతువుల విషయంలోనూ చట్టప్రకారం అధికారుల ఉత్తర్వు ఉంటేనే తుపాకి పేలాలి. అటువంటి ఉత్తర్వుతో చేను గట్టున నిలబడినవానికి, వేటకానికన్న ఎక్కువ బాధ్యత ఉన్నది. గాయపడిన అడవిపంది పారిపోయి దాక్కునేది తెల్లవారి కూలీలు అడుగుపెట్టే చేలోనే.

తేలికపాటి తుపాకి మనిషిని కాపాడిన ఘట్టం కూడా కార్బెట్ జీవితంలోనే ఉన్నది. 1930 ఏప్రిల్ 11న అతడు చౌగఢ్ నరభక్షక పులిని వెదుకుతూ ఒక వాగులోకి దిగాడు. పక్షి గుడ్లు సేకరించే అలవాటున్నవాడు కనుక, దారిలో కనిపించిన రెండు గుడ్లను తీసి ఎడమచేతిలో పట్టుకున్నాడు. కుడిచేతిలో రైఫిలు. ఒక పెద్ద రాతిపలక పక్కగా దాటి తల తిప్పి చూస్తే, ఎనిమిది అడుగుల దూరంలో పులి పడుకుని సూటిగా అతనినే చూస్తున్నది. గుడ్లు చేతిలో ఉండగా రెండవ చేయి ఆసరా ఇవ్వలేదు. చటుక్కున కదిలితే పులి దూకుతుంది. అతడు ఒంటిచేత్తో రైఫిలును కొంచెం కొంచెంగా, పులి కంటికి ఆనని నెమ్మదితో తిప్పుతూ వచ్చాడు. సగం తిరిగేసరికే చేయి లాగసాగింది. పది పౌన్ల రెండు గొట్టాల తుపాకి అయితే ఆ చేయి అంతవరకు నిలిచేది కాదు. చేతిలో తేలికపాటి రైఫిలు ఉండడం తనకు కలిసివచ్చిన సంగతులలో ఒకటని కార్బెట్ తరువాత తానే రాశాడు. గొట్టం పులివైపు తిరిగింది. ఒక్క గుండు పేలింది. రెండవదానితో పని పడలేదు.

గుడ్లు చిట్లలేదు. కార్బెట్ వెనుకకు నడిచి, తీసిన చోటనే వాటిని పదిలంగా ఉంచాడు. అరగంట తరువాత మళ్లీ ఆ దారిన వచ్చినప్పుడు తల్లిపక్షి వాటిని పొదుగుతూ కూర్చుని ఉన్నది.